అవధానులు గారి రంగు కళ్ళద్దాలు

నేను ఒక సాఫ్ట్‌వేర్‌ను. ప్రొటీన్ల ఆకారాన్ని తెరమీద తిప్పి చూపించడం నా వృత్తి. ముందు మా చెల్లెలి మీద నాలుగు మాటలు చెప్పుకోనివ్వండి. నా తర్వాత వచ్చిన కొత్త వెర్షన్. పిలవకముందే తెరుచుకుంటుంది, పైగా "అక్కా, నువ్వింకా ఉన్నావా?" అంటుంది. నా తెరమీద ఒక్క ప్రొటీన్ విచ్చుకునేలోగా మనుషులు టీ తాగి వచ్చేవారు. ఆ టీల దగ్గర ఎన్ని స్నేహాలు కలిశాయో దానికేం తెలుసు!

ఎనిమిది ఫ్లాపీల్లో సర్దుకుని విశాఖపట్నంలో ఒక ప్రయోగశాలకు కాపురానికి వచ్చాను. ప్రొఫెసర్ అవధానులు గారు, ఆయన దగ్గర పరిశోధన చేసే వైదేహి నావాళ్ళు. బొమ్మకు లోతు కనబడాలంటే ఎడమ కంటికి ఎరుపు, కుడి కంటికి నీలం కాగితాలున్న అట్ట కళ్ళద్దాలు పెట్టుకోవాలి. అవధానులు గారివి చిరిగితే ఆయనే కొత్త కాగితాలు అంటించుకున్నారు. ఎవరినీ ముట్టనివ్వలేదు.

రెండేళ్ళు కష్టపడి వైదేహి కట్టిన ప్రొటీన్ నమూనా చూపించిన రోజున ఆయన మొహం చిట్లించారు.

"మెలికలన్నీ కుడికి తిరగాలి కదమ్మా, ఎడమకి తిరుగుతున్నాయేం? ఇలాగైతే నీ థీసిస్ మీద సంతకం పెట్టను."

"నా కళ్ళద్దాల్లోంచి సరిగ్గానే కనబడుతున్నాయండీ."

"అయితే నీ సాఫ్ట్‌వేరే తప్పు!"

'నమ్మదగదు' అని కాగితం మీద రాసి నా మానిటర్‌కు అంటించారు. నోరు లేని దాన్ని, ఏమనగలను?

మర్నాడు ఆయన భోజనానికి వెళ్ళగానే వైదేహి ఆయన కళ్ళద్దాలు పెట్టుకు చూసింది. ముసిముసిగా నవ్వి, కాగితాలు ఊడదీసి ఎరుపు ఎడమకూ, నీలం కుడికీ మార్చి అంటించింది. రంగులు తారుమారైతే మెలికలూ తిరగబడి కనబడతాయి మరి.

మధ్యాహ్నం ఆయన చూసి, "ఇప్పుడు కుదిరింది. బాగుచేశావా?" అన్నారు.

"చేశానండీ," అంది. ఏం బాగుచేసిందో చెప్పలేదు. సంతకం పడింది. నా మీద కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది, ఇరవై ఆరేళ్ళు.

ఇవాళ నన్ను కంప్యూటర్‌తో సహా పాత సామాన్లవాడికి ఇచ్చేస్తున్నారు. ఇప్పుడు ఆ ప్రయోగశాల పెద్ద వైదేహే. చివరిసారి చూసిపొమ్మని రిటైరైన మాస్టారిని పిలిచింది. నేను మూలుగుతూ ఆ ప్రొటీన్‌నే తెరిచాను. ఈలోగా ఇద్దరూ టీ తాగారు.

ఆయన బల్ల సొరుగులోంచి ఆ అట్ట కళ్ళద్దాలు తీసి, ఊడదీసి మళ్ళీ అంటించిన చోట వేలితో తడిమారు. తెరను చూశారు. వైదేహి కిటికీ వైపు తిరిగి నిలబడింది.

ఆయన నా మీద కాగితాన్ని మెల్లగా గోటితో గీకి తీశారు.

"తిరగబడింది నా కళ్ళద్దాలమ్మా. సంతకం పెట్టిన సాయంత్రమే తెలిసింది. తప్పు నాదే."