రెండో సాక్షి

మూడో డ్రిల్ బిట్టు కూడా పుటుక్కున విరిగింది. తలుపు తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

"చచ్చి కూడా సాధిస్తున్నాడు మా అన్న!" మరిది చెమట తుడుచుకున్నాడు.

ఆ తాళం తాళాల మేస్త్రీ సొంతంగా చేసుకున్నది. అతను పోయి తొమ్మిది రోజులు. ఇరవై రెండేళ్లు అతనితో కాపురం చేసిన మనిషి ఇప్పుడు లోపల, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. కింద కొట్టు, పైన ఒక్క గది. అవి పోతే ఆమెకు తల దాచుకునే చోటు లేదు.

"ఏమ్మా, తలుపు తియ్యి. మీకు పెళ్లెక్కడైంది? ఆస్తి తోడబుట్టినవాడిది."

మొన్నటిదాకా నోరారా వదినా అని పిలిచినవాడే.

"గొంతు తగ్గించు, వీధి వింటుంది" అందామె. "వీలునామా ఉంది. వకీలమ్మ తెస్తోంది."

వకీలమ్మ పిలుపు వినపడగానే తలుపు తీసింది. బయట సైకిల్ షాపతనితో సహా సగం వీధి ఉంది. వకీలమ్మ ఆమె మొహంలోకి చూడలేదు.

"కవరు ఇవాళే విప్పానమ్మా. అంతా మీకే రాశారు. కానీ చెల్లదు. రెండో సాక్షి సంతకం దగ్గర దెబ్బతింది."

ఆమె ఒక్క ఉదుటున మరిది చొక్కా పట్టుకుంది. "నువ్వే మార్చావు! కవరు మొన్నటిదాకా కొట్టు సొరుగులోనే ఉంది. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు తాళాలు నీ చేతికిచ్చాను చూడు, నాది బుద్ధి తక్కువ!"

"ఒట్టు వదినా! ఆ కాగితం నా కంటపడితే ఒట్టు!" కంగారులో పాత పిలుపే వచ్చేసింది.

"ఎవరూ మార్చలేదు." వకీలమ్మ కాగితం విప్పి చూపించింది. "ఆస్తి ఎవరికి రాస్తారో వాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదమ్మా. పెడితే ఆ రాత చెల్లదు."

చొక్కా మీద ఆమె పట్టు సడలింది.

వీలునామా రాసిన సాయంత్రం మొదటి సంతకం పెట్టింది, సంగతి తెలిసిన పాత స్నేహితుడు. రెండోదానికి మేస్త్రీ సైకిల్ షాపతన్ని పిలవబోతే ఆమే ఆపింది. "పెళ్లానికి వీలునామా ఎందుకని అడిగితే ఏం చెప్తావు? వీధిలో నన్ను తలెత్తుకోనివ్వవా? ఇలా తే."

"మరి ఎవరు పెట్టారు వదినా?" మరిది గొణిగాడు.

ఆమె కొంగున ఉన్న తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది. వీధికంతా వినపడేలా చెప్పింది.

"మాకు పెళ్లి కాలేదు. అది దాచుకోవడానికి సాక్షి సంతకం నేనే పెట్టాను. ఆయన రాతను పాడుచేసింది నేనే."