నూటికి నూరు

దేవీప్రసాద్ చేసే ఉద్యోగమేమిటో అతని తండ్రి రామ్‌గోపాల్‌కి చాలాకాలం అంతుపట్టలేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో నలభై ఏళ్లు వ్యాపారం చేసిన మనిషి.

"సాఫ్ట్‌వేరు చేసేది హైదరాబాదు కంపెనీవోళ్లు. వాడుకునేది గవర్నమెంటు. మరి మధ్యన నువ్వేటి చేస్తావురా?" అని అడిగేవాడు.

"పని సరిగ్గా జరిగిందో లేదో చూస్తాను నాన్నా. నేను సంతకం పెడితేగాని అది మొదలవదు."

"అయితే దిమ్మ పగలగొట్టి చూసేవాడివన్నమాట" అని చివరికి ఆయనే సమాధానపడ్డాడు. బెల్లం దిమ్మ పైకి పసుపుపచ్చగా మెరుస్తుంది, లోపల నల్లగా ఉండొచ్చు. పగలగొట్టి చూడకుండా ఆయన ఏనాడూ ధర చెప్పి ఎరగడు.

కొడుకు మాత్రం పైమెరుపు చూసి సంతకం పెట్టాడు.

ఆ ప్రాజెక్టు పేరు 'కడలి కబురు'. గాలివాన రాబోయేముందు సముద్రం మీదున్న ప్రతి పడవకీ ఫోన్లో హెచ్చరిక వెళ్లాలి. వేటకెళ్లేవాళ్ల ఊరు పూడిమడకలో నాలుగు వందల పన్నెండు పడవలు రాసుకున్నారు, పడవకొక ఫోన్ నంబరు. మొదటి పరీక్షలో నూటికి నలభై మందికే అందింది. వేటకెళ్లేవాళ్లు ఫోను తడవకుండా ఆపేసి ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెడతారు. ఇదేం దేవరహస్యం కాదు, ఒక్కపూట తెప్పెక్కితే ఎవరికైనా తెలుస్తుంది. దేవీప్రసాద్ ఎక్కలేదు. అతను చూసింది గ్రాఫు.

మత్స్యశాఖ తరఫున ప్రాజెక్టు చూసే అధికారి త్రినాధరావు తొంభై అయిదు దాటితేగాని కుదరదన్నాడు. గడువు పదిహేను రోజులు. కంపెనీవాళ్లూ, శాఖవాళ్లూ అందరూ దేవీప్రసాద్ మొహంకేసి చూశారు. నిపుణుడన్నాక ఉపాయం చెప్పాలిగదా. చెప్పాడు.

"ఎప్పుడూ ఆన్‌లో ఉండే నంబర్లు తీసుకుందాం సార్."

పూడిమడక బళ్లో క్యాంపు పెట్టారు. మగవాళ్లు వేటలో ఉన్నారు, వచ్చినవాళ్లంతా ఆడవాళ్లే. చేపల బేరాలన్నీ ఫోను మీదే కాబట్టి ఎప్పుడూ మోగే ఫోన్లు వాళ్లవే. వరసలో చిన్నమ్మలు అనే ఆవిడ వంతు వచ్చింది. ఆమె అనకాపల్లి మార్కెట్లో చేపలమ్ముతుంది. మొగుడు నూకరాజు చిన్న తెప్ప మీద ఒంటరిగా వేటకెళ్తాడు. నంబరు చెప్పి, ఆమె అక్కడినుంచి కదల్లేదు.

"బాబూ, కబురు నా పోనుకొత్తాది. నాను అనకాపల్లిలో సేపలమ్ముకుంటా ఉంటాను. మా ఆయన సంద్రం మీదుంటాడు. ఆయనకెలాగ తెలుత్తాది?"

దేవీప్రసాద్ తలెత్తి చూశాడు. అతనికి అప్పుడే అంతా అర్థమైంది. అర్థం కాలేదని తర్వాత ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఆమె వెనక ఇంకా ఎనభైమంది నిలబడి ఉన్నారు, ఎండ మండిపోతోంది.

"రెండో విడతలో తెప్పలోనే మోగే పెట్టెలిస్తారమ్మా" అన్నాడు.

రెండో విడత అనేది ఏ కాగితం మీదా లేదు. నోటికొచ్చింది, అన్నాడు. ఆమె నమ్మి పక్కకు జరిగింది. ఆఫీసుకు వచ్చాక, ప్రాజెక్టులో రాగల చిక్కులన్నీ రాసే పట్టికలో ఆమె ప్రశ్నను పదిహేడో వరసలో ఎక్కించి, ప్రమాదం ఎంత అన్నచోట 'తక్కువ' అని పెట్టాడు. రెండో పరీక్షలో నూటికి నూరూ అందింది. చప్పట్లు కొట్టి, మాడుగుల హల్వా పంచుకున్నారు. హల్వా తిన్న చేతిని తుడుచుకుని దేవీప్రసాద్ సంతకం పెట్టాడు.

అక్టోబరులో ఒక మంగళవారం పొద్దున్న పదిన్నరకి మొదటి అసలు హెచ్చరిక వెళ్లింది. గోడమీద పెద్ద తెర నిండా, కబురు అందిందని చూపే పచ్చచుక్కలు. త్రినాధరావు దేవీప్రసాద్ భుజం తట్టాడు. చెవిటివాడి ముందు ఊదినా శంఖం బాగానే మోగుతుంది మరి. మధ్యాహ్నం లోపల, ఆకాశం వాలకం చూసి, తెప్పలన్నీ వాటంతటవే ఒడ్డెక్కాయి. నూకరాజు తెప్ప రాలేదు. మూడోరోజున తెప్ప ఒక్కటీ కొట్టుకొచ్చింది.

పదిహేను రోజులకి త్రినాధరావు పిలిచాడు. "పైవాళ్లు రిపోర్టు అడుగుతున్నారు. మన సిస్టం పనిచేసింది, ఆయనే ఖాతరు చెయ్యలేదు. అలా రాసి, ఆవిడ చేత వేలిముద్ర వేయించుకు రండి."

"సార్, ఆ ఫోను ఆయన దగ్గర..."

"మెసేజి అందిందా, లేదా?"

"అందింది సార్."

దేవీప్రసాద్ రెండే వాక్యాలు రాశాడు. హెచ్చరిక పదిన్నరకి అందినది. దానిని లెక్కచేయక నూకరాజు వేట కొనసాగించినాడు. రెండోది రాస్తున్నప్పుడు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చెయ్యి ఆగలేదు.

చిన్నమ్మలు గుమ్మంలో కూర్చుని ఉంది. గొంతు ఇంకా సరిగా రాలేదు, గుసగుసగా మాట్లాడుతోంది.

"ఆయేల సేప కోత్తన్నాను బాబూ, పోను మోగింది. నాకు సదువు రాదుగదా, సేపలు కొనడానికొచ్చినమ్మ సదివి సెప్పింది. 'నూకరాజు గారూ, ఎంటనే ఒడ్డుకి రండి' అనుందంట. కత్తి అక్కడే పడేసి ఆటో ఎక్కేను. ఒడ్డుమీద నిలబడి అరిసేను. గొంతు పోయేదాక అరిసేను బాబూ, ఆయనకినపళ్లేదు."

దేవీప్రసాద్ సంచిలోంచి కాగితం, ఇంకుపెట్టె తీశాడు.

"ఇందులో ఏటి రాసేరు బాబూ?"

"హెచ్చరిక పదిన్నరకి అందింది అని."

అక్కడితో ఆపేసి, రెండో వాక్యం మీద బొటనవేలు అడ్డంపెట్టాడు. చదువురాని మనిషి ముందు దాన్ని దాచాల్సిన పనేలేదు. అయినా వేలు దానంతటదే అక్కడికి వెళ్లింది.

"అందింది. అది నిజవే" అని ఆమె చెయ్యి చాపింది. ముద్ర పడింది. ఇంకు కొంగుకి తుడుచుకుంటూ అడిగింది:

"బాబూ, మా పెద్దోడు పోతురాజు ఎల్లుండి నుంచి ఆ తెప్పమీదే ఏటకెల్తాడు. ఆ రెండో ఇడత పెట్టెలు ఎప్పుడిత్తారు?"

కాగితం ఇంకా అతని చేతిలోనే ఉంది. చించేస్తే చిరిగిపోతుంది. తన సంతకం లేకుండా అది చెల్లదని ఈ లోకంలో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. దాన్ని మడిచి సంచిలో పెట్టాడు.

"తొందర్లోనే ఇస్తారమ్మా."

"అయితే అందాక ఆడికీ నా నెంబరే రాసుకో బాబూ" అంది చిన్నమ్మలు. "నా పోనైతే ఎప్పుడూ మోగుతాది."

దేవీప్రసాద్ రాసుకున్నాడు.