ఆమేన్ అనేదాకా

"చీరలు చూపించేదానికి కాళ్లేం అరుగుతాయే?" అన్నాడు పాల్ రాజు. అని ఊరుకోక, ప్రొద్దుటూరుకూ చాపాడుకూ మధ్య స్కూలు బస్సు నడిపి నడిపి తన నడుం ఎట్లా పట్టేసిందో చెప్పడం మొదలుపెట్టాడు. రెబెకా అన్నం గిన్నె అడుగు గీకుతూ వింది. దినమంతా కూర్చునే ఉద్యోగం చేసే మొగుడు, దినమంతా నిలబడే పెళ్లాం దగ్గర తన బాధలు ఏకరువు పెడుతుంటే కోపం రావాలి. ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వులో కొంచెం కోపం కూడా ఉంది గానీ, అది ఆయన చెవిన పడలేదు.

ఆమె పనిచేసేది పెద్ద బట్టల షాపులో, రెండో అంతస్తు, పట్టుచీరల సెక్షన్. అక్కడ కుర్చీలన్నీ కొనేవాళ్లకే. ఎవరూ లేనప్పుడు కాసేపు కూలబడదామంటే నెత్తిమీద కెమెరా గుడ్లప్పగించి చూస్తుంటుంది. జమ్మలమడుగు పెళ్లివాళ్లు కాస్త నయం, పదిహేను చీరలకల్లా ఒక మాటమీదికి వస్తారు. పులివెందుల నుంచి వ్యాను కట్టుకొని దిగారంటే మూడు గంటలు ఖాయం. అయినా రెబెకాకు ఆ పనంటే ప్రాణం. జరీ అంచును వెలుతురుకు తిప్పి పట్టుకున్నప్పుడు పెళ్లికూతురి మొహంలో వచ్చే కళ చూస్తే తనే ఆ చీర నేసినంత సంబరపడుతుంది. సాయంత్రానికి మాత్రం పిక్కలు రాళ్లయ్యేవి. ఎడమకాలి మీద నీలం నరం ఒకటి వంకరటింకరగా ఉబ్బి లేచింది. దాన్ని చీర కుచ్చిళ్ల కింద ఏడాదిగా దాచుకుంటూ వచ్చింది.

తోటి సేల్స్ అమ్మాయి నూరున్నీసా కంట అది ఒకరోజు పడనే పడింది. "ఏందక్కా ఇది? మా అమ్మకూ ఇట్లనే ఉండె. పట్టించుకోకుంటే పుండయి కూచ్చునింది. పా, ఇప్పుడే పోదాం" అని టీ టైములో డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ కాలు నొక్కి చూసి, "నిన్న ఏమేం తిన్నావు?" అనడిగింది.

రెబెకా గడగడా అప్పజెప్పింది. "పొద్దున్నే జొన్నరొట్టెలు మేడమ్, మా ఆయన మూడు తిన్యాడు. మా అత్తకు సంగటి, గోంగూర పప్పు. మా పాపకు బాక్సులో గుడ్డు, జామకాయ పెట్టినా."

"నేనడిగింది నీ సంగతమ్మా."

రెబెకా నిన్నటి దినమంతా తిరగేసుకుంది. ఎంత వెతుక్కున్నా నిన్న తను ఏం తిన్నదో గుర్తు రాలేదు. అత్తకు ఉప్పు ఎంత తగ్గించిందో తెలుసు, పాప గుడ్డులో సొన వదిలేసిందని తెలుసు, మొగుడు రెండోసారి పప్పు ఎప్పుడు అడిగాడో తెలుసు. తన కంచం మాత్రం మనసులో ఎక్కడా లేదు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఊరగాయ మేడమ్," అంది పక్కనుంచి నూరున్నీసా. "మిగిలిన చల్లన్నం, ఊరగాయ. దినాం అదే. నీళ్లు గూడా తాగదు, బాత్రూముకు మూడో అంతస్తు ఎక్కల్లని."

"లేచిన నరం తిండితో పోదు," అంది డాక్టరమ్మ. "దానికి బిగుతు మేజోళ్లు రాస్తాను. ఇంటికెళ్లాక కాళ్లు ఎత్తులో పెట్టుకో, షాపులో నిలబడ్డచోటే మడమలు లేపి దించుతూ ఉండు. కానీ ఇది ముదరకుండా ఉండాలంటే తిండి బాగుండాలి. ఆకుకూర, పప్పులు, రాగులు, జొన్నలు, ఏదో ఒక పండు, నీళ్లు బాగా. ఉప్పూ ఊరగాయా తగ్గించు. మలబద్ధకం ఉంటే ముక్కినప్పుడల్లా ఆ భారం కాళ్ల నరాల మీదా పడుతుంది. అశ్రద్ధ చేసి పుండు పడితే ఇక షాపులో నిలబడలేవు."

చీటీ చదువుకుంటూ బయటికి వచ్చిన రెబెకా నడిరోడ్డు మీద పకపకా నవ్వింది. నూరున్నీసా భయపడింది. భయపడక ఏం చేస్తుంది? చీటీలో తినమని రాసినవన్నీ రెబెకా తన చేత్తో దినాం వండేవే. మందు ఇంట్లోనే తయారవుతోంది, తన వంతు వచ్చేసరికి గిన్నె ఖాళీ అవుతోంది, అంతే. మేజోళ్లు తప్ప కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు. మిగతావాళ్లతో పాటు తినడమే.

అదే గగనమైంది. మరుసటి రోజు రెండు రొట్టెలు, ఇంత పప్పు ముందే తన డబ్బాలో తీసిపెట్టుకుంది. పాల్ రాజు చూసి, "ఏమే, మాకు తెలీకుండా దాచిపెట్టుకుంటాండావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనకది అక్కడితో అయిపోయింది. ఆమెకు మాత్రం షాపులో ప్రతి చీర మడతలోనూ ఆ మాటే తగిలింది. నేను పిండి కలిపి, నేను తట్టి, నేను కాల్చిన రొట్టె నేను తింటే దాచుకోవడమా? దొంగతనం ఎవరిది, సొమ్మెవరిది? ఇంత ఉడుక్కుని కూడా మర్నాటి నుంచి డబ్బా పెట్టుకోలేదు, మళ్లీ ఊరగాయే. నాలుగు రోజులకు కాలు ఎంత ఉబ్బిందంటే చెప్పు పట్టీ పడలేదు. అప్పుడు నిజంగా భయమేసింది. ఈ కాలు మొరాయిస్తే ఆ జరీ వెలుగులూ, ఆ పెళ్లికూతుళ్ల మొహాలూ ఇక తనవి కావు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన కాకుండా ఎవరూ ముద్ద ముట్టరు. ప్రార్థన జరుగుతుండగా ఎవరూ అడ్డు మాట్లాడరు. మామ ఉన్నన్నాళ్లూ మామ చేసేవాడు, ఇప్పుడు పాల్ రాజు. రెబెకా ఎప్పుడూ పొయ్యి దగ్గరే, గంటె పట్టుకుని తల వంచేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె సంగటి కెలికి, కోడికూర, గోంగూర, అలసందల తాలింపు అన్నీ చాప మధ్యకు చేర్చింది. నాలుగు కంచాల్లో వడ్డించి, నాలుగోదాని ముందు కూర్చుంది.

"నువ్వు కూచ్చుంటే వడ్డించేదెవురు?" అన్నాడు పాల్ రాజు.

"ఈపొద్దు ప్రార్థన నేను చేస్తా. కండ్లు మూసుకోండి."

ప్రార్థన అన్నాక కాదనేదెవరు? మూసుకున్నారు.

"ప్రేమగల తండ్రీ, ఈ సంగటి కోసం స్తోత్రం."

"స్తోత్రం," అంది అత్త రత్నమ్మ అలవాటుగా.

"ఈ గోంగూర కోసం స్తోత్రం. దినానికి పదకొండు గంటలు నిలబడే నీ బిడ్డ కాళ్లను నీ సన్నిధిలో పెడతాండాను. ఎడమకాలి నరం సంగతి నీవెరుగుదువు. డాక్టరమ్మ చెప్పిన మాట నీ దాసుడైన పాల్ రాజు చెవిలో వేయి తండ్రీ."

పాల్ రాజు దగ్గాడు. అంతకుమించి ఏం చేయడానికీ దారి లేదు.

"నేను తిండి దాచిపెట్టుకుంటాండానని ఆయన అన్యాడు. ఆయన మీద నాకు కోపం లేకుండా కాపాడు." ఇంటర్ చదివే కూతురు సుస్మిత చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంకమీద ఈ ఇంట్లో నలుగురమూ కూచ్చున్నాకనే ఆమేన్ అనే మనసియ్యి. ఎవురికి కావల్సింది వాళ్లు వడ్డించుకునే చేతులు గూడా ఇయ్యి."

ఆపి, ఊపిరి తీసుకుంది. ఆ సందులో రత్నమ్మ గొంతు లేచింది.

"తండ్రీ, నలభై ఏండ్లు మళ్లలో నాట్లేసి వచ్చి నేనూ అడుగంటిందే తిన్యా. నా కాళ్లు ఎవురూ చూడలే. నేనూ ఎవురికీ చెప్పలే. ఈ బిడ్డ నోటికి స్తోత్రం తండ్రీ, శానా స్తోత్రం!"

రెబెకా కళ్లు తెరిచింది. ప్రార్థనలో కళ్లు తెరవకూడదని తెలిసీ తెరిచింది. అత్త చెంపలు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది. ఎంత సంతోషమేసిందంటే, లేచి ఆమెను వాటేసుకోవాలనిపించింది.

"ఆమేన్," అంది. అత్తా, సుస్మితా గట్టిగా అన్నారు. పాల్ రాజు ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకుని, ఆఖర్న అన్నాడు. రెండు ముద్దలు మింగి, అలవాటు చొప్పున కంచం రెబెకా వైపు చాపాడు.

"గంటె నీ ముందరనే ఉండాది కదరా," అంది రత్నమ్మ.

ఆయన గంటె అందుకున్నాడు. కూర వేసుకున్నాడు. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, రెబెకా కంచంలో కూడా ఒక గంటె వేశాడు.

ఆమె పొగలు కక్కే సంగటి తుంచి, గోంగూరలో అద్ది నోట్లో పెట్టుకుంది. గభాల్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది, కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"ఏమైందిమా?" అంది సుస్మిత కంగారుగా.

"నోరు కాలింది పాపా," అని పగలబడి నవ్వింది రెబెకా. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ ఇంట్లో ఆమెకు నోరు కాలడం అదే మొదటిసారి.