ఎవరి డిస్కు వారిదే

చర్చి పాటల బృందంవాళ్లు తెచ్చే పెన్‌డ్రైవుల్లోంచి వైరస్‌లు దూరి ప్రశ్నపత్రాలన్నీ పాడుచేస్తుంటే టీచరు ఎస్తేర్‌రాణికి ఒళ్లు మండిపోయింది. "మీ పాత విండోస్ మీది, వైరస్‌లంటని నా లైనక్స్ నాది. ఇకనుంచి ఎవరి డిస్కు వారిదే!" అని భర్త ఇమ్మానుయేల్‌కి తెగేసి చెప్పి, కంప్యూటర్లో కొత్త హార్డ్‌డిస్కు తనే బిగించి లైనక్స్ ఎక్కించుకుంది.

ఇమ్మానుయేల్ ఆరాధన పాటలు టైపు చేసే తెలుగు ఫాంట్లు ఆ పాత విండోస్‌లోనే పనిచేస్తాయి. మాట పడ్డ మనిషి మర్నాడే తన డిస్కు ఊడదీసి సంచిలో వేసుకుని మెట్టకూరు చర్చికి పట్టుకుపోయాడు.

సాయంత్రం ఎస్తేర్‌రాణి ఎన్నిసార్లు బటన్ నొక్కినా లైనక్స్ రాలేదు. కాసేపటికి తన పొరపాటు తనకే తెలిసొచ్చింది. లైనక్స్ ఎక్కించేటప్పుడు అతని డిస్కు కేబుల్ పీకడం మరిచిపోయింది. కంప్యూటర్ మొదలవడానికి కావలసిన ఫైళ్లు కాస్తా వెళ్లి అతని డిస్కులో కూర్చున్నాయి.

స్కూటీ వేసుకుని చర్చికెళ్లి సంగతి చెప్పింది. "మీ డిస్కు లేకపోతే నాది మొదలవట్లేదండీ. ఇంటికి తెచ్చేయండి."

ఇమ్మానుయేల్ ఇంకా బిగుసుకునే ఉన్నాడు. "ఆ ఫైళ్లేవో నీ డిస్కులోకి మార్చేసుకోవచ్చు కదా. పావుగంట పని."

"తెలుసండీ," అంటూ ఎస్తేర్‌రాణి అతని సంచి తీసి స్కూటీకి తగిలించింది. "మార్చను."