చెరువు గట్టున మైకు

"రేపు నేను మాట్లాడతాను, నువ్వు సిలిండర్ దగ్గరుండు," అన్నాడు భర్త, ఆమె గిన్నెలు తోముతుంటే. ఇద్దరిదీ ఒకే మత్స్యశాఖ. చెరువులో పని ఆమెది, గట్టు మీద మాట ఆయనది. ఇంట్లోనూ అంతే. చుట్టాలొస్తే తరిగేది, వేయించేది ఆమె. చివర్లో చిటికెడు ఉప్పు చల్లి "ఇవాళ వంట నాదే" అనేది ఆయన. "మావాడి చేతిలోనే ఉంది రుచి," అని అత్తగారు మురిసిపోయేది. ఆమెకు ఒళ్లు మండేది. అయినా నవ్వుతూనే వడ్డించేది.

చెరువులో తిష్ఠ వేసినవి క్రేఫిష్‌లు. రొయ్యకు పీత డెక్కలు తగిలించినట్టుండే ఈ పరాయి జీవులు నాచునీ, చేపగుడ్లనీ మిగల్చకుండా తింటున్నాయి. చేపల్ని వేరే చెరువుకు మార్చి, నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ కరిగిస్తే, ఊపిరాడక వాటంతట అవే గట్టెక్కుతాయి. ఏరి బుట్టలో వేసుకోవడమే. దీనికోసం ఆమె రెండు వానాకాలాలు బురదలో నానింది. "మొగుడికి మంచినీళ్లు లేవుగానీ చెరువుకు సోడానా!" అని ఆయన ఎగతాళి చేసిన పనే ఇది. పై అధికారిణి చూసి సరేనంటే, మిగతా చెరువులు ఎవరి చేతికివ్వాలో కూడా రేపే తేలిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆయన మైకు పట్టుకుని "నా పద్ధతి" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఊపులో సిలిండర్ వాల్వు కూడా తనే తిప్పాడు, పూర్తిగా. మంట పెంచితే అన్నం తొందరగా ఉడుకుతుందనుకునే మనిషి మరి. పెద్ద పెద్ద బుడగలు కుతకుతమంటూ పైకొచ్చి పగిలిపోయాయి. వదిలిన గ్యాసంతా గాలిలో కలిసింది, నీళ్లలో కరిగింది సున్నా. ఒక్క క్రేఫిష్ కూడా మీసం బయట పెట్టలేదు.

ఆయన వెనక్కి తిరిగి కళ్లతోనే బతిమాలాడు. ఎప్పుడూ ఆ చూపుకే ఆమె పరిగెత్తేది, ఆయన మాడ్చిన కూరని గుట్టుగా బాగుచేసేది. ఈసారీ కాలు కదిలింది. తన మీద తనకే కోపమొచ్చి ఆగిపోయింది.

"మైకు ఇలా ఇవ్వండి," అంది పైకే. "మేడమ్, ఈ పద్ధతి నాది. గ్యాస్ సన్నగా వదలాలి. కాస్త ఓపిక పట్టండి, చూపిస్తాను."

వాల్వు బిగించి, మిగిలిన గ్యాస్‌ని సన్నటి బుడగలుగా వదిలింది. ఎండ నెత్తికెక్కేసరికి క్రేఫిష్‌లు బస్సు దిగిన జనంలా తోసుకుంటూ గట్టెక్కాయి. అధికారిణి కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుని మరీ చప్పట్లు కొట్టింది.

"భలే ఉందమ్మా! మిగతా చెరువులూ మీరే చూసుకోండి. మరి ఇందులో మీవారు చేసిందేంటి?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆయన తరఫున జవాబు అందించడం ఆమెకు ఏళ్ల అలవాటు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"ఆయన్నే అడగండి మేడమ్," అంది. "నాకూ వినాలనే ఉంది."