ఓడిన్ కొలువుకు కబురు

దొర పంపిన బాణం ఇల్లిల్లూ తిరిగి మా గడపకు వచ్చేనాటికి మా అన్న ఐవింద్‌కు పంతొమ్మిదేళ్ళు, వాడి చెల్లెలు గ్రోవను నాకు పద్నాలుగు. ఆ బాణం వచ్చిందంటే ఇంటికొక మగవాడు ఆయుధం పట్టుకుని ఏడో రోజుకల్లా ఓడల దగ్గర నిలబడాలి. మా ఇంట్లో మగవాడు వాడొక్కడే. నాన్న ఆరేళ్ళ కిందటే ఓడల మీద జరిగిన పోరులో చనిపోయాడు. ఆయన డాలు పొయ్యి పైన వాసానికి వేలాడుతూ మసిబారిపోయి ఉండేది.

అన్నకు పడవలు చెక్కడమంటే ప్రాణం. ఆ వసంతంలోనే ఒడ్డున పాకలో చిన్న పడవ ఒకటి మొదలుపెట్టాడు. అడుగు దూలం వేసి, అటూ ఇటూ మూడేసి పలకలు బిగించాడు. బాణం వచ్చిన రోజు సాయంత్రం అమ్మ దగ్గర కూర్చుని మెల్లగా విషయం ఎత్తాడు. మన దొరకూ దక్షిణపు దొరకూ గడ్డిబీళ్ళ తగాదా ఉంటే మధ్యలో నేనెందుకు పోవాలి, కాలు విరిగిందని చెప్పించమ్మా, అని అడిగాడు.

మా అమ్మ ఆల్దిస్ అప్పుడు బార్లీ జావ కలుపుతోంది. గరిటె ఆపలేదు.

"అలాగే చెప్పిస్తాలే. రేపట్నించీ నువ్వు గ్రోవ లంగా కట్టుకుని ఉన్ని వడుకుతూ కూర్చో. ఆ డాలు దాని చేతికిద్దాం. మీ నాన్న పైనుంచి చూసి మురిసిపోతాడు."

అన్న లేచాడు. బల్ల ఎక్కి డాలు దించాడు. చొక్కా చేత్తో దాని మసి తుడుస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఏడో రోజున ఒడ్డు దగ్గర అమ్మ వాడు భుజాన కప్పుకున్న కంబళి పిన్ను సరిచేయబోతే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఓడ ఎక్కాక నాకు మాత్రం చెయ్యి ఊపాడు.

కోతలు అయ్యాక కబురు వచ్చింది. మావాళ్ళు చెల్లాచెదురయ్యారు, అన్న తిరిగి రాలేదు. ఎలా పోయాడో చూసినవాళ్ళు లేరు. అమ్మ ఏడవలేదు. పొరుగువాళ్ళను పిలిచి, ఉన్న ఒక్క పందినీ కోసి వడ్డించింది. కొడుకు యుద్ధదేవుడు ఓడిన్ కొలువుకు పోయాడని అందరితోనూ చెప్పింది. పోరులో ఎదురొడ్డి పడ్డవాళ్ళను ఏరుకునే కన్యలు వచ్చి తీసుకుపోయుంటారు, అక్కడ పగలంతా కత్తులు దూసి ఒకర్నొకరు నరుక్కుంటారు, పొద్దువాలేసరికి గాయాలు మాని లేచి, చంపినవాడూ చచ్చినవాడూ ఒకే బల్ల దగ్గర మాంసం తిని తేనెకల్లు తాగుతారు, వాళ్ళ నాన్న వాడికి తన పక్కన చోటిచ్చి ఉంటాడు, అంటూ ఆ రోజంతా అదే చెప్పింది. విన్నవాళ్ళు తలలూపి, తిని వెళ్ళారు. మర్నాడు పొద్దున అమ్మ పాకలోకి వెళ్ళి, సగం కట్టిన ఆ పడవలో పడుకుని ఉంది. నేను పిలిస్తే లేచి వచ్చింది. జుట్టు నిండా చెక్కపొట్టు.

ఆ చలికాలంలో దొరలిద్దరూ రాజీపడ్డారు. మంచు కరిగాక ఒకడు ఒంటరిగా పడవ వేసుకుని మా ఒడ్డుకు వచ్చాడు. ముప్పై ఏళ్ళ మనిషి, ఎడమకాలు కుంటి. పేరు స్టైనార్ అన్నాడు. గడప బయటే నిలబడి, మా అన్న నడుముకు కట్టుకునే కత్తిని ఒరతో సహా రెండు చేతులతో పట్టుకుని అమ్మకు చాపాడు.

"మీ వాణ్ణి చంపింది నేనేనమ్మా. ఇది మీకివ్వమన్నాడు."

గొడ్డలి తలుపు పక్కనే ఉంది. అమ్మ దాని వైపు చూసింది, అతనూ చూశాడు, కానీ కదల్లేదు. చివరికి అమ్మ పక్కకు తప్పుకుని, లోపలికొచ్చి ఏమైనా తిను, అంది. ఎండు చేప, వెన్న పెట్టింది. అతను తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. తిన్నాక ఒక్కటే అడిగింది.

"దెబ్బ ఎక్కడ తగిలింది?"

"రొమ్ములో," అన్నాడు అతను. "ఎదురుగా."

అమ్మ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. అప్పటిదాకా, అంటే ఆరు నెలలూ, అమ్మ ఊపిరి బిగబట్టే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

తరవాత అమ్మ అతన్ని ఒక కోరిక కోరింది. నువ్వు యుద్ధాలకు పోయే మనిషివి, ఏదో ఒకనాడు నువ్వూ ఆ కొలువుకే పోతావు, నేను ఆడదాన్ని, ముసలిదాన్నై గడ్డిపరుపు మీద పోతాను, రోగంతోనూ ముసలితనంతోనూ పోయినవాళ్ళతో పాటు కింద హెల్ ఇంటికే నా దారి, వాణ్ణి మళ్ళీ చూడబోయేది లేదు, అంది. అందుకే ఒక కబురు మోసుకుపొమ్మంది.

"లంగా కట్టుకోమన్నాను వాణ్ణి. ఆ మాట నేను వెనక్కి తీసుకున్నానని చెప్పు. అంతే. ఇంకేం చెప్పక్కర్లేదు."

స్టైనార్ తల దించుకున్నాడు. చెప్తానమ్మా, అని మాటిచ్చాడు.

అతన్ని పడవ దాకా సాగనంపడానికి నేను వెళ్ళాను. అతన్ని ఏమని పిలవాలో నాకు తెలియలేదు. అన్నా అందామంటే అన్నను చంపినవాడు. ఎదురుగా, అనేముందు అతను తడబడ్డం నేను చూశాను. అదే అడిగాను. మొదట పగ్గం ముడి విప్పుతూ విననట్టే ఉన్నాడు. తరవాత రాతి మీద కూర్చుని అంతా చెప్పాడు.

మావాళ్ళ వరస విరిగినప్పుడు అన్న డాలు పారేసి అడవి వైపు పరిగెత్తాడట. స్టైనార్ ఈటె విసిరాడు. అది వీపులో దిగింది. దగ్గరికి వెళ్ళి చూస్తే మీసం సరిగా రాని కుర్రాడు. ఈటె లాగితే అప్పుడే పోతాడని లాగలేదు. పొద్దున పడినవాడు మధ్యాహ్నం దాకా ఉన్నాడు. స్టైనార్ వాడి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగించాడు.

"నన్ను తిట్టలేదు. పడవ గురించి మాట్లాడాడు. ఎండ తగిలితే పలకలు పగుల్తాయి, తారు పుయ్యమని చెల్లికి చెప్పన్నాడు. ఆఖర్న మాత్రం నా చెయ్యి పట్టుకుని, అమ్మకి ఎదురుగా తగిలిందని చెప్పు, అన్నాడు."

వెన్ను చూపి పడినవాణ్ణి ఏ కన్యా ఏరుకోదు, వాడూ హెల్ ఇంటికే పోతాడు. అది మా ఇద్దరికీ తెలుసు. అమ్మ పంపిన కబురు ఓడిన్ కొలువులో వినేవాడు లేడు. నేను ఇసకలో కూర్చుని ఏడిచాను. అతను పక్కనే నిలబడ్డాడు. ఓదార్చడానికి తనకు హక్కు లేదనుకున్నాడేమో, చెయ్యి కూడా వెయ్యలేదు.

పడవకు తారు పూశాను. అమ్మతో ఏమీ చెప్పలేదు. ఎదురుగా తగిలిందని చెప్పమన్నది అన్న ఆఖరి మాట.

ఏళ్ళు గడిచాయి. నాకు పెళ్ళయింది, మా ఆయన మా ఇంటికే వచ్చాడు. చేపల వేటకు పోయి ఒకనాడు తిరిగి రాలేదు, పిల్లలు లేరు. అమ్మా నేనూ మిగిలాం. అమ్మకు అరవై నిండిన ఎండాకాలంలో తెలియని తెరచాపలు మూడు మా కడలి పాయలోకి వచ్చాయి. దోపిడీగాళ్ళని ఊరంతా గుట్ట ఎక్కింది. అమ్మ రానంది. తల దువ్వుకుని, మంచి గౌను తొడుక్కుని, గొడ్డలి పట్టుకుని ఒడ్డున నిలబడింది. ఆయుధంతో చస్తే ఆడదానికైనా పైన చోటు దొరక్కపోతుందా అని దాని ఆశ. తీరా చూస్తే వాళ్ళు సానరాళ్ళు అమ్ముకునేవాళ్ళు. మా అమ్మ వాలకం చూసి ఒకడు, పెద్దమ్మా, గొడ్డలి బాగా మొద్దుబారింది, ఇలా ఇవ్వు పదును పెడతాను, అన్నాడు. వాళ్ళంతా నవ్వారు. ఊరు ఆ ముచ్చట చెప్పుకుని ఏడాది పొడుగునా నవ్వింది. నాకు ఆ రోజు తిండి సయించలేదు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. వాడు కిందే ఉన్నాడమ్మా, నువ్వు ఎలా పోయినా వాడి దగ్గరికే పోతావు, అని.

మొదటిసారి వచ్చి వెళ్ళిన పన్నెండేళ్ళకు స్టైనార్ మళ్ళీ వచ్చాడు. ఈసారి పడవలోంచి దిగడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. దగ్గితే నెత్తురు పడుతోంది. అతనికి ఎవరూ లేరు. మధ్యలో ఆరు యుద్ధాలు చేశాడట. కబురు ఇంకా చేరలేదా అని అమ్మ నిష్ఠూరమాడితే నవ్వాడు.

"ఏం చెయ్యనమ్మా, ముందు వరసలోనే నిలబడ్డాను. ఓడిన్‌కి నా మొహం నచ్చినట్టు లేదు."

అమ్మ అతనికి పొయ్యి పక్కన అన్న పడుకునే చోటే గడ్డిపరుపు వేసింది. మేకపాలు కాచి తాగించింది. పన్నెండేళ్ళ కిందట గొడ్డలి వైపు చూసిన మనిషే, అతని వీపు నిమురుతూ కూర్చునేది. నెల తిరిగేసరికి అతను ఇక లేవడని మాకు తెలిసిపోయింది.

అలాంటప్పుడు మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. పడక మీద పోతున్న యోధుడి రొమ్ము మీద ఈటె మొనతో గీత గీస్తారు. నెత్తురు చిందితే ఆయుధంతో పోయినట్టే లెక్క, ఓడిన్ తనవాడిగా ఎంచుకుంటాడు. ఒకనాటి ఉదయం అమ్మ, వాసాల్లో దాచిన నాన్న పాత ఈటె తెచ్చి, నూరి, అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. స్టైనార్ అమ్మ మణికట్టు పట్టుకుని ఆపాడు.

"వద్దమ్మా. ఇలాగే పోనీ."

అమ్మకు మొదట అర్థం కాలేదు. నొప్పికి భయపడుతున్నాడనుకుంది. ఒక్క గీత చాలు నాయనా, అని బతిమాలింది. అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు అమ్మకు కోపం వచ్చింది.

"నా ఉప్పు తిని మాటిచ్చావు. నా కబురు మోస్తానన్నావు. గడ్డి మీద చస్తే హెల్ ఇంటికి పోతావురా, అక్కడ నా కొడుకు ఉంటాడా?"

స్టైనార్ నా వైపు చూశాడు. ఆ చూపులో, చెప్పకు, అని ఉంది. చెప్పు, అని కూడా ఉందేమో. ఈనాటికీ నాకు తేలలేదు.

"మాట నిలబెట్టుకోడానికేనమ్మా," అన్నాడు.

అమ్మ ఈటె గోడకు విసిరికొట్టి బయటికి వెళ్ళిపోయింది. అతను పోయేదాకా ఆ రెండు రోజులూ అతని పక్కకు రాలేదు. మధ్యాహ్నం పూట పోయాడు, నా చేతిలో చెయ్యి పెట్టి. ఆరు యుద్ధాల్లో సంపాదించుకున్న చోటును వదులుకుని, తాను చంపిన కుర్రాడికి ఒక్క మాట చెప్పడానికి కిందికి పోతున్న మనిషి. నేను వంగి చెవిలో, అన్నా, అని పిలిచాను. విన్నాడో లేదో. గుట్ట కింద పూడ్చిపెట్టి రాళ్ళు పేర్చాం. అమ్మ రాళ్ళు మోసింది. ఇంటికొచ్చాక, మాట తప్పినవాడు, అంది.

ఆ మాట తరవాతి నాలుగేళ్ళూ అంటూనే ఉంది. వింటూ నేను నోరు మూసుకునే ఉన్నాను. ఐదో ఏడు మంచు కరిగే రోజుల్లో అమ్మ పడక పట్టింది. గంజి కూడా దిగడం లేదు. ఒక పొద్దున గోడ వైపు తిరిగి పడుకుని, వాడు పైన, నేను కింద, కబురు లేదు, కాకరకాయ లేదు, అని తనలో తను అనుకుంటోంది. నేను పాలకుండ కింద పెట్టి దాని పక్కన కూర్చున్నాను.

"అమ్మా, అన్న పైన లేడు. నువ్వు పోయే చోటే ఉన్నాడు."

అంతా చెప్పాను. డాలు పారేసింది, వీపులో ఈటె, ఆఖరి మాట, ఏదీ దాచలేదు. అమ్మ గోడ వైపు నుంచి తిరగలేదు. తిడుతుందనుకున్నాను, లేదంటే అబద్ధమంటుందనుకున్నాను.

"పరిగెత్తాడా," అంది.

"పరిగెత్తాడమ్మా."

"ఇంటికేగా. ఇంకెక్కడికి పరిగెడతాడు." భుజాలు కదులుతున్నాయి. వాడు పోయాక అమ్మ ఏడవగా నేను చూడ్డం అదే మొదలు. ఏడ్చి ఏడ్చి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇటు తిరిగి నా మొహంలోకి చూసింది. "అయితే ఆ ఈటె వద్దన్నది..."

నేను తల ఊపాను.

నన్ను బయటికి తీసుకుపో, అంది. కంబళి చుట్టి వీపు మీద ఎక్కించుకున్నాను. గొర్రెపిల్ల కన్నా బరువు లేదు. గుట్ట కింద మంచు ఇంకా అక్కడక్కడా ఉంది. స్టైనార్ రాళ్ళ దగ్గర దించితే, వాటి మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది. ఏమందో నాకు సరిగా వినపడలేదు, నేను కావాలనే దూరంగా నిలబడ్డాను. నాయనా, అన్నది మాత్రం రెండుసార్లు వినిపించింది. వాన మొదలయ్యేదాకా కదలనంది.

మూడో రోజున అమ్మ పోయింది. దాని కాళ్ళకు కొత్త తోలు చెప్పులు తొడిగి, హెల్ దారి రాళ్ళదారి అంటారు కదా అని వార్లు రెండు ముళ్ళు వేసి బిగించాను. ఊళ్ళోవాళ్ళు వచ్చి, పాపం, భర్తా కొడుకూ ఓడిన్ దగ్గర, ఈవిడ ఒక్కతే కిందికి, అని జాలిపడ్డారు. నేను ఔనన్నాను. వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. నాన్న మాత్రం పైన ఒక్కడే ఉండి ఉంటాడు, కొడుకు ఎందుకు రాలేదా అని చూస్తూ.

నాకిప్పుడు డెబ్భై దాటాయి. అన్న అడిగిన ఆఖరి మాట నేను నిలబెట్టలేదు. పదిహేడేళ్ళు ఆలస్యంగా చెప్పినందుకు అమ్మకు కోపమో, అసలు చెప్పినందుకు వాడికి కోపమో, తెలీదు. పొద్దున్నే మోకాళ్ళు పట్టేస్తున్నాయి. ఇక ఎంతో కాలం పట్టదు, వాళ్ళనే అడుగుతాను.