అటువైపు పుట్టుమచ్చ

నేను ఒక బొమ్మను. ఆడుకునే బొమ్మను కాదు. చిత్రకారిణి వరహాలు, తనని ఎవరూ ఎరగని రోజుల్లో తనను తాను వేసుకున్న తొలి బొమ్మను. ఈ రోజు విశాఖలో ఆమె మొదటి ప్రదర్శన. తలుపులు తెరిచే వేళయింది. నాకు కాలు నిలవడం లేదు, కాళ్ళంటూ ఉంటే.

నేను పుట్టింది అనకాపల్లిలో. వరహాలు నాన్న నూకరాజు దుకాణాలకు బోర్డులు రాసేవాడు. ఒక బోర్డుకు కోయగా మిగిలిన ప్లైవుడ్ ముక్కను నేను. కాలేజీ పోటీలో బహుమతిగా వచ్చిన యాక్రిలిక్ రంగులు ముందేసుకుని, అద్దంలో చూసుకుంటూ వరహాలు నన్ను వేసింది. నాన్న వాడే, నిదానంగా ఆరే ఎనామిల్ పెయింటుకు అలవాటుపడ్డ చెయ్యి కదా, తీరిగ్గా దిద్దుకోవచ్చనుకుంది. యాక్రిలిక్ ఆగుతుందా? ఆమె ఆలోచించుకునేలోపే ఆరిపోయింది. అందుకే నాకో కన్ను కాస్త పెద్దది. ఇక ఆమె ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ, అద్దం పుణ్యమా అని, నాకు కుడి బుగ్గకెక్కింది.

నూకరాజు కళ్ళు ముందుగా దాని మీదే పడ్డాయి. ఒక్క ఒత్తు తప్పినా షావుకార్ల చేత చీవాట్లు తిన్న మనిషి, తప్పు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. ఆ చేతికి భయపడి వరహాలు నన్ను బీరువా వెనక దాచేసింది. ప్రదర్శన అనేసరికి, ఇన్నేళ్ళకు బయటికి తీసింది.

తీరా చూద్దును కదా, అందరికంటే ముందు నూకరాజే వచ్చాడు. జేబులోంచి కుంచె తీశాడు, చిన్న డబ్బా మూత విప్పాడు. ముందు మచ్చ పోతుంది, తర్వాత కన్ను సర్దుతాడు, ఆఖరికి నేను నేనుగా మిగలను.

"నాన్నా, ఆగు." వరహాలు పరుగున వచ్చింది.

"మచ్చ అటెలిపోనాదమ్మా. నలుగురూ నవ్వుతారు. ఒక్క చుక్కే, ఎవులికీ తెలీదు."

ఆమె వాదించలేదు. నన్ను గోడ మీంచి దించి, చేతులు కడుక్కునే చోటున్న అద్దానికి ఎదురుగా పట్టుకుంది. అద్దంలో నా మచ్చ మళ్ళీ ఎడమ బుగ్గకొచ్చింది.

"అద్దంలో ఉన్నది నీకు కనబడే నేను నాన్నా. ఈ చెక్క మీదున్నది నాకు కనబడే నేను."

నూకరాజు అద్దాన్ని చూశాడు, నన్ను చూశాడు, కూతుర్ని చూశాడు. డబ్బాకు మూత పెట్టేశాడు. బతికిపోయాను. మళ్ళీ మేకుకు తగిలిస్తుంటే సంతోషంతో ఊగిపోయాను.

తలుపులు తెరిచారు. మొదట వచ్చిన పెద్దమనిషి వరహాల్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "మచ్చ అటువైపు పడిందే" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపే నూకరాజు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"తప్పు కాదు బాబూ. అది మనం చూసీ వైపు కాదు. మా పాప చూసుకునీ వైపు."